కొరియన్‌కు దగ్గరి దారి తెలుగే

కొరియన్ నేర్చుకుందామని కూర్చున్న పెద్దవాళ్లలో చాలామంది మొదటిరోజే ఒక అంకె చూసి జంకుతారు. 2,200 గంటలు. అమెరికా దౌత్యవేత్తలకు భాషలు నేర్పే ఫారిన్ సర్వీస్ ఇన్‌స్టిట్యూట్ వేసిన లెక్క అది. కొరియన్‌లో ఉద్యోగానికి పనికొచ్చేంత పట్టు రావాలంటే 88 వారాల పాటు అన్ని గంటలు క్లాసులో కూర్చోవాలని దాని అర్థం. చైనీస్, జపనీస్, అరబిక్‌లతో పాటు కొరియన్‌నూ ఆ సంస్థ అతి కష్టమైన భాషల జాబితాలో చేర్చింది. ఆఫీసు, పిల్లలు, ఇంటిపని అన్నీ పోగా వారానికి మూడు గంటలు మిగిలే మనిషి ఈ లెక్కన పద్నాలుగేళ్లు చదవాలి.

ఆ సంస్థ లెక్కల్లోనే, దానికంటే కాస్త తేలికైన వర్గంలో తెలుగు కూడా ఉంది. 44 వారాలు, 1,100 గంటలు. అంటే ఇవన్నీ ఇంగ్లిషు మాతృభాషగా ఉన్నవాళ్ల కోసం వేసిన లెక్కలు. తెలుగు ఇంట్లో పుట్టి పెరిగినవాళ్లకు కొరియన్ ఎన్ని గంటల పనో ఆ జాబితా చెప్పదు. వాక్యం అల్లికలో కొరియన్ ఇంగ్లిషుకు ఎంత దూరమో తెలుగుకు అంత దగ్గర. అయినా మన దగ్గర కొరియన్ క్లాసులు చాలావరకు ఇంగ్లిషులోనే నడుస్తాయి. పుస్తకాలు, యాప్‌లు, వీడియోల్లో వివరణలూ ఎక్కువగా ఇంగ్లిషులోనే ఉంటాయి. దాంతో పక్కవీధికి వెళ్లాల్సిన తెలుగువాళ్లు ఊరంతా చుట్టి వెళ్తున్నారు.

పెనుకొండ నుంచి సియోల్ దాకా

ఈ భాష మీద ఆసక్తి ఒక్క దారిలో రాలేదు. 2017లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వంతో ఒప్పందం చేసుకున్న కొరియన్ కంపెనీ కియా, పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కార్ల కర్మాగారం కట్టింది. 2019 ఆగస్టులో తొలి సెల్టోస్ బయటికొచ్చింది. ఏడాదికి మూడు లక్షల కార్లు తయారుచేయగల ఆ ప్లాంటు చుట్టుపక్కల, అనంతపురం సీమలో అంతకుముందు ఎవరూ చూడని లిపిలో హోటల్ బోర్డులు వెలిశాయి. హైదరాబాద్‌లో హ్యుందాయ్ ఇంజినీరింగ్ కేంద్రం ఉంది. శ్రీసిటీలో ఎల్‌జీ ప్లాంటుకు 2025లో శంకుస్థాపన జరిగింది. ఇలాంటి చోట్ల రెండు భాషలూ తెలిసిన మనిషికి ఉండే విలువ వేరు.

రెండో దారి తెర మీంచి వచ్చింది. 2020 లాక్‌డౌన్‌లో కొరియన్ సీరియళ్లు తెలుగు ఇళ్లలోకి బాగా చొచ్చుకొచ్చాయి. అంతకుముందే కొరియన్ సినిమా ‘మిస్ గ్రానీ’ మన ‘ఓ! బేబీ’ అయింది. తర్వాత ‘మిడ్‌నైట్ రన్నర్స్’ ‘శాకిని డాకిని’గా వచ్చింది. సబ్‌టైటిల్స్ చదివి చదివి విసిగిన చూపరి ఒకరోజు అసలు మాటలే అర్థం చేసుకోవాలనుకుంటాడు. 2020 జాతీయ విద్యావిధానం కూడా ఉన్నత పాఠశాల స్థాయిలో నేర్పదగిన విదేశీ భాషల్లో కొరియన్‌ను పేర్కొంది. ఢిల్లీ జేఎన్‌యూలో కొరియన్ చదువు ఏళ్ల తరబడి సాగుతోంది. మన హైదరాబాద్‌లోని ఇంగ్లిషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం (ఇఫ్లూ)లోనూ ఆ భాష నేర్పుతారు. ఇవి కాక సాయంత్రం క్లాసులు, వారాంతపు క్లాసులు, ఆన్‌లైన్ బ్యాచ్‌లు ఎన్నో. వాటిలో ముప్పై దాటినవాళ్లు, నలభై దాటినవాళ్లు, రిటైరైనవాళ్లు కూడా కనిపిస్తారు.

రాజు చేసిన అక్షరాలు

ఏ కోర్సైనా కొరియన్ లిపి హంగుల్‌తో మొదలవుతుంది. ప్రపంచంలో చాలా లిపులకు ఎవరు చేశారో, ఎప్పుడు చేశారో చెప్పలేం. దీనికి చెప్పగలం. కొరియాను ఏలిన జోసొన్ వంశపు రాజు సెజోంగ్ 1443లో రూపొందించి, 1446లో ప్రజలకు ప్రకటించాడు. చదువంటే చైనా అక్షరాలే అని నమ్మిన కొలువు పండితులు 1444లోనే దీన్ని వ్యతిరేకిస్తూ విన్నపం రాశారు. రాజు వెనక్కి తగ్గలేదు. ఆ లిపి సూత్రాలు వివరించిన గ్రంథం ప్రతి 1940లో బయటపడింది. 1997లో యునెస్కో దాన్ని ప్రపంచ స్మృతి జాబితాలో చేర్చింది. అక్టోబరు 9 దక్షిణ కొరియాలో ఈ అక్షరాల పండుగ, సెలవురోజు.

ఇప్పుడు వాడుకలో ఉన్న మూలాక్షరాలు 24. హల్లులు 14, అచ్చులు 10. ‘మ’ ధ్వనికి నోటి ఆకారంలో ఒక చదరం. ‘న’ ధ్వనికి నాలుక కొస పైకి లేచినట్టు ఒక వంపు. ‘స’కు పన్ను ఆకారం. ఒత్తి పలకాలంటే మూలాక్షరానికి ఒక గీత చేరుస్తారు. తెలుగువాళ్లకు ఇది కొత్తేం కాదు. ద కింద గీత చేరిస్తే ధ, డ కింద చేరిస్తే ఢ అని మనం పలక మీద దిద్దినవాళ్లమే. హల్లునూ అచ్చునూ విడివిడిగా వరసలో పేర్చకుండా ఒక గడిలో ఇమిడ్చి రాయడం, దాని అడుగున మరో హల్లు తగిలించడం కూడా గుణింతాలు, ఒత్తులు రాసిన చేతికి వింతగా ఉండదు. ఒక తేడా మాత్రం గుర్తుంచుకోవాలి. మన ఒత్తు తర్వాతి అచ్చుతో కలిసి పలుకుతుంది. వాళ్ల అడుగు హల్లు ఆ గడిని అక్కడే మూసేస్తుంది.

పెద్దవాళ్లు చేసే మొదటి పొరపాటు ఇక్కడే. లిపి వారం పది రోజుల్లో పట్టుబడుతుందని తెలిసినా, తొందర కొద్దీ ఇంగ్లిషు అక్షరాల్లో రాసుకుని చదువుతారు. దాని ఫలితం మన పత్రికల్లోనే కనిపిస్తుంది. దక్షిణ కొరియా రాజధాని పేరు ‘సొ’, ‘ఉల్’ అని రెండు గడులు. ఇంగ్లిషు స్పెల్లింగ్ చదివి మనం దాన్ని ‘సియోల్’ చేశాం. వాళ్ల ‘హ్యొన్‌దె’ మనకు ‘హ్యుందాయ్’ అయింది. వాడుకలో స్థిరపడ్డ పేర్లు అలా ఉంటే ఉండనివ్వొచ్చు. నేర్చుకునేవాళ్లు మాత్రం వందలాది మాటలకు ఇదే గతి పట్టిస్తే తర్వాత దిద్దుకోవడం చాలా కష్టం. మొదటి వారం దాటాక ఇంగ్లిషు అక్షరాలు బోర్డు మీద కనిపించని క్లాసే మంచి క్లాసు.

నోటి ముందు కాగితం

నిజమైన కష్టం చెవికి, నోటికి. చంద్రుడు, కూతురు, ముఖానికి పెట్టుకునే మాస్కు: కొరియన్‌లో ఈ మూడు మాటలూ తెలుగు చెవికి మొదట్లో ఒకేలా, ‘తల్’ అనే వినిపిస్తాయి. నిప్పు, కొమ్ము, గడ్డి అనే మూడూ ‘పుల్’ అనే వినిపిస్తాయి. మనకు త, థ, ద, ధ నాలుగున్నాయి కాబట్టి వాళ్ల మూడు ఎంతలే అనుకుంటాం. కానీ ఆ మూడూ మన నాలుగింటి గళ్లలో సరిగ్గా ఇమడవు.

అందుకే టీచర్లు క్లాసులో ఒక పల్చటి కాగితం ముక్క తీయిస్తారు. పెదాలకు రెండంగుళాల దూరంలో పట్టుకుని పలకాలి. మాస్కు అనే మాటకు కాగితం ఎగిరిపడాలి. కూతురు అనే మాటకు గొంతు బిగబట్టి పలకాలి, కాగితం కదలకూడదు. చంద్రుడికి గొంతు వదులుగా ఉండాలి, కాగితం కొద్దిగా ఊగాలి, స్వరం కిందిస్థాయిలో మొదలవ్వాలి. ఇప్పటి సియోల్ మాటతీరులో వదులు హల్లుకూ ఒత్తు హల్లుకూ మధ్య ఊపిరి తేడా తగ్గి, స్వరం ఎత్తులో తేడాయే ఎక్కువగా పనిచేస్తోంది. తెలుగువాళ్లు మామూలుగా ‘త’ అంటే అది కొరియన్ చెవికి బిగబట్టిన హల్లుకే దగ్గరగా వినిపిస్తుంది. చంద్రుణ్ని చూపించి కూతురు అన్నట్టు అవుతుంది. ఈ మూడింటినీ చెవి విడదీయడానికి నెలలు పడుతుంది. రోజూ పది నిమిషాలు వింటూ, పలుకుతూ, రికార్డు చేసుకుని మళ్లీ వినాల్సిందే. దీనికి వేరే మార్గం లేదు.

అచ్చుల్లోనూ చిక్కులున్నాయి. పెదాలు గుండ్రంగా చుట్టి పలికే ‘ఒ’ ఒకటి, పెదాలు వదిలేసి పలికే ‘ఒ’ మరొకటి. పెదాలు సాగదీసి పలికే ‘ఉ’ ఇంకొకటి. ఈ చివరిదానికి ఒక చుట్టరికం ఉంది. ఇంగ్లిషు మాట హల్లుతో ఆగిపోతే మనం ‘ఉ’ తగిలించి బస్సు, కేకు, కార్డు చేసుకుంటాం. కొరియన్లూ అంతే. వాళ్ల సాగదీసిన ‘ఉ’ తగిలించి ‘బొసు’, ‘కెయికు’, ‘కాదు’ అంటారు. కాఫీని మన పల్లెల్లో ‘కాపీ’ అన్నట్టే వాళ్లు ‘కొపి’ అంటారు, వాళ్ల భాషలో ‘ఫ’ లేదు కాబట్టి.

పదో తరగతి సంధులు పనికొచ్చిన చోటు

రెండో నెలలో విద్యార్థులను బెదరగొట్టేవి ఉచ్చారణ నియమాలు. రాసేదొకటి, పలికేదొకటి. అక్షరాలను బట్టి ‘హప్-ని-ద’ అని రాసి ‘హమ్నిద’ అంటారు. ‘కుక్’, ‘ముల్’ కలిస్తే సూపులోని రసం. దాన్ని ‘కుఙ్‌ముల్’ అంటారు. ఇంగ్లిషు పుస్తకంలో దీనికి ఒక పేజీ పట్టిక, బాణం గుర్తులు ఉంటాయి. తెలుగు మాస్టారి దగ్గర చదువుకున్నవాళ్లకు పట్టిక అక్కర్లేదు. వాక్ + మయం = వాఙ్మయం. జగత్ + నాథుడు = జగన్నాథుడు. అనునాసిక సంధి. వాళ్లకూ అంతే: క, త, ప ల తర్వాత న, మ వస్తే ముందున్నది ముక్కుతో పలుకుతుంది.

ఇంకొకటి. మాట మొదట ‘క’లా వినిపించే అక్షరం రెండు అచ్చుల మధ్య ‘గ’ అవుతుంది. త ద అవుతుంది, ప బ అవుతుంది. ఫర్నిచర్‌కు వాళ్ల మాటలో ఒకే అక్షరం రెండుసార్లు వస్తుంది, పలకడం మాత్రం ‘కాగు’. ఇదేం తర్కమని ఇంగ్లిషులో అడుగుతాం గానీ, మనమే తల్లి పక్కన తండ్రిని చేర్చి తల్లిదండ్రులు అంటాం, అన్న పక్కన తమ్ముణ్ని చేర్చి అన్నదమ్ములు అంటాం. పరుషం సరళం కావడం మన నోటికి పుట్టుకతో వచ్చిన అలవాటు.

తిని చూడండి, వచ్చిన మనిషి

అసలు ఆనందం వ్యాకరణంలో ఉంది. కర్త, కర్మ, చివర్లో క్రియ అన్న వరస రెండు భాషలకూ ఒకటేనని చాలామందికి తెలుసు. పోలిక అక్కడితో ఆగదు.

‘ఒజె ఒన్ సారమ్’ అనే మాటల్ని ఇంగ్లిషులో చెప్పాలంటే వరస తిరగేసి, మధ్యలో ‘హూ’ పెట్టాలి. తెలుగులో: నిన్న వచ్చిన మనిషి. మాటకు మాట, అదే వరస. ‘ఒన్’ అంటే వచ్చిన, ‘ఒనున్’ అంటే వస్తున్న, ‘ఒల్’ అంటే రాబోయే. ఇంగ్లిషు పుస్తకాలు పాఠాలకు పాఠాలు కేటాయించే ఈ అంశం తెలుగు విద్యార్థికి ఒక సాయంత్రం పని, ‘వచ్చిన’ అనే మాట ఎవరైనా గుర్తుచేస్తే.

కొరియన్ హోటల్లో ‘మొగొ బొసెయొ’ అంటారు. మొదటి మాట తిని, రెండోది చూడండి. తిని చూడండి! బట్టల దుకాణంలో ‘ఇబొ బొసెయొ’, వేసుకుని చూడండి. ‘చూడు’ అనే క్రియకు ‘ప్రయత్నించు’ అనే అర్థం ఇవ్వడం ఇంగ్లిషుకు లేదు, మనకుంది. అంతా తినేశాడు అనడానికి వాళ్లు ‘తిని’ పక్కన ‘పారవేయు’ అనే క్రియ చేరుస్తారు. మన తినేశాడులోనూ ఉన్నది ‘తిని వేశాడు’ కదా. ‘తింటూ ఉన్నాడు’లో ఉండటం అనే క్రియ ఎలా వస్తుందో వాళ్లకూ అలాగే వస్తుంది. ‘నా దగ్గర పుస్తకం ఉంది’ అనాలంటే వాళ్లకూ ఉండటమే, ఇంగ్లిషులా ‘హ్యావ్’ లేదు. ఇక ‘వస్తానని అన్నాడు’లోని ‘అని’. ఒకరి మాట మరొకరికి చేరవేసే ఈ చిన్న ముక్కకు సరిగ్గా సరిపడేది కొరియన్‌లో ఉంది. ఇంగ్లిషు ద్వారా వెళ్తే కాలాలు మార్చే నియమాలతో తల బొప్పికడుతుంది.

మా ఇల్లు, మా అమ్మ, మా ఆయన. ఒక్కరే మాట్లాడుతున్నా ‘మా’ అంటాం. కొరియన్లూ ‘ఉరి’ అంటారు, అంటే ‘మా’. ఇంగ్లిషు పుస్తకం ఇక్కడ కొరియన్ల సమష్టి భావన గురించి సాంస్కృతిక సూచన రాస్తుంది. మనకు ఆ సూచనతో పనిలేదు.

ఈ పోలికలు చూసి రెండు భాషలూ ఒక తల్లి పిల్లలని అనుకున్నవాళ్లూ ఉన్నారు. 1886లో సియోల్‌కు టీచరుగా వెళ్లిన అమెరికన్ హోమర్ హల్బర్ట్, 1905లో కొరియన్‌నూ ద్రావిడ భాషలనూ పోల్చుతూ ఒక వ్యాకరణ గ్రంథమే ప్రచురించాడు. ‘నా’ అంటే నేను, ‘నొ’ అంటే నువ్వు, ‘ఒమ్మా’ అంటే అమ్మ అని విన్నప్పుడు ఎవరికైనా ఒళ్లు పులకరిస్తుంది. నేటి భాషాశాస్త్రవేత్తలు ఆ బంధుత్వాన్ని ఒప్పుకోరు. వాక్య నిర్మాణం కలిసినంత మాత్రాన రక్తసంబంధం రుజువు కాదు. నేర్చుకునేవాళ్లకు ఆ తీర్పుతో పనిలేదు, నిర్మాణం కలవడమే కావాలి.

తెలుగు దారి తప్పించే చోట్లు

అన్నీ కలుస్తాయని భ్రమపడకూడదు. ‘నేను విద్యార్థిని’ అని మనం క్రియ లేకుండా వాక్యం ముగిస్తాం. కొరియన్‌లో అలా వదిలేయకూడదు, చివర ‘ఇమ్నిద’ ఉండాలి. తెలుగు విద్యార్థులు మొదటి నెలలో దీన్నే ఎక్కువగా మర్చిపోతారు. కర్త పక్కన చేరే రెండు రకాల ప్రత్యయాలు మరో తలనొప్పి. ‘నేనైతే వెళ్తాను’లోని ‘అయితే’ ఒకదానికి కొంతవరకు సాయపడుతుంది, పూర్తిగా కాదు. ‘మీరు’ అనే మాట మనకు పూజారికైనా పోలీసుకైనా సరిపోతుంది. కొరియన్ నిఘంటువులో దానికి ‘తంగ్‌షిన్’ అని ఉంటుంది. దాన్ని పట్టుకుని పై అధికారిని పలకరిస్తే మర్యాద చెడుతుంది. అక్కడ హోదానో, పేరునో వాడాలి. టీచరైతే ‘సొన్‌సెంగ్‌నిమ్’. అందులోని ‘నిమ్’ మన ‘గారు’.

మర్యాద సంగతికొస్తే మళ్లీ మన నేలే. వాక్యం చివర ‘యొ’ చేరిస్తే మన ‘అండి’. ఎవరైనా పిలిస్తే ‘జొ-యొ?’ అంటారు, ‘నన్నాండీ?’ అన్నట్టు. పెద్దవాళ్ల గురించి చెప్పేటప్పుడు క్రియలో ‘షి’ చేరుతుంది. కొన్నిచోట్ల క్రియే మారిపోతుంది. తాతగారు తిన్నాడు అనం, భోంచేశారు అంటాం. వాళ్లూ తాతగారి తిండికి, నిద్రకు వేరే మాటలు వాడతారు. సీరియళ్లలో స్నేహితులు, ప్రేమికులు మాట్లాడుకునేది ‘పన్‌మల్’, అంటే నువ్వు-నువ్వు భాష. అది విని నేర్చుకున్న మాటల్ని ఆఫీసులో మేనేజరు మీద ప్రయోగించకూడదు. కోర్సులో చేరడానికి ఇదొక్క కారణం చాలు.

లెక్కల దగ్గర ఓపిక కావాలి. సొంత అంకెలు ఒక వరస, చైనా నుంచి వచ్చిన అంకెలు మరో వరస. గంటలు సొంత అంకెల్లో, నిమిషాలు చైనా అంకెల్లో చెప్తారు. డబ్బు లెక్క పదివేలతో నడుస్తుంది. లక్ష అంటే ‘సిమ్మన్’, పది పదివేలు. ‘సిప్’, ‘మన్’ కలిస్తే సిమ్మన్. ఇదీ ఆ అనునాసిక సంధే. పదజాలంలో సగానికి పైగా చైనా మూలాలవే. ‘హక్’ అంటే విద్య. ‘హక్క్యొ’ విద్యాలయం, ‘హక్సెంగ్’ విద్యార్థి, ‘మున్హక్’ సాహిత్యం. తత్సమాలతో పెరిగిన మనకు ఇలా ఒక మూలం పట్టుకుని పది మాటలు అందుకోవడం అలవాటే.

వయసు, పరీక్ష

ఇంగ్లిషు మాట్లాడే దాదాపు 6.7 లక్షల మంది మీద జరిపి, 2018లో ‘కాగ్నిషన్’ పత్రికలో ప్రచురించిన అధ్యయనం ఒకటుంది. కొత్త భాష వ్యాకరణం గ్రహించే శక్తి సుమారు 17 ఏళ్ల దాకా నిలిచి, తర్వాత తగ్గుతుందని అది చెప్పింది. దీన్ని చూపించి పెద్దవాళ్లను నిరుత్సాహపరచడం తప్పు. ఆ అధ్యయనం కొలిచింది పుట్టుకతో ఆ భాష వచ్చినవాళ్లకు ఉండేంత పట్టు. సహోద్యోగితో మాట్లాడటానికి, సీరియల్ అర్థం చేసుకోవడానికి అంత అక్కర్లేదు. పైగా పెద్దవాళ్ల దగ్గర పిల్లలకు లేని సరంజామా ఉంది. సంధులు, విభక్తులు, సమాసాలు అనే పేర్లు తెలుసు. పోల్చి చూసుకోగలరు.

కొలబద్ద కావాలంటే 1997 నుంచి జరుగుతున్న కొరియన్ భాషా పరీక్ష టోపిక్ ఉంది. మొత్తం ఆరు స్థాయులు. ప్రారంభకుల టోపిక్-1లో వినడం, చదవడం మాత్రమే ఉంటాయి. 100 నిమిషాలు, 70 ప్రశ్నలు, 200 మార్కులు. 80 వస్తే ఒకటో స్థాయి, 140 వస్తే రెండోది. ఒకటో స్థాయికి సుమారు 800 మాటలు చాలు. ఫలితం రెండేళ్లు చెల్లుతుంది. ఉద్యోగంలో ఉన్న మనిషికి ఇది అందనంత ఎత్తేమీ కాదు.

చేయాల్సిన పని ఒకటి మిగిలింది. తెలుగు విద్యార్థికి తెలుగు వ్యాకరణం మీదుగా కొరియన్ నేర్పే పాఠ్యపుస్తకం కావాలి. కొరియన్ నేర్పుతున్న విశ్వవిద్యాలయాలు, తెలుగు అకాడమీ, రెండు రాష్ట్రాల్లోని తెలుగు శాఖలు కలిసి కూర్చుంటే దాన్ని రాయగల మనుషులు ఇక్కడే ఉన్నారు. అది వచ్చేదాకా, ఈ వారం ఏదైనా కొరియన్ కోర్సులో చేరుతున్న పాఠకులకు ఒక విన్నపం: క్లాసు ఏ భాషలో జరిగినా, మీ నోటుపుస్తకంలో ప్రతి కొరియన్ వాక్యం కింద దాని అర్థం తెలుగులో రాసుకోండి.